చీటీ చాలు

కొత్తపేటలో ఆసుపత్రి బేస్‌మెంటు.
రాత్రి ఒంటిగంటా పది.
ఏసీ చలికి మఫ్లరు చుట్టుకుని
పాత స్టోరేజీ పెట్టె ముందు కూచున్నాను.
దీని కడుపులో పదకొండేళ్ల ఊపిరితిత్తులున్నాయి,
తలకాయలు, విరిగిన తుంటి ఎముకలు,
పుట్టకముందే ఫొటో దిగిన పిల్లలు.
అన్నీ పక్కనున్న కొత్త పెట్టెలోకి మారాలి.
రెండింటికీ మధ్య మూడడుగులు.

పోయిన్నెల దాకా నేను చేసిన పని చెబితే నవ్వుతారు.
ఈ పెట్టెలోంచి తీసిన ప్రతి ముక్కనీ
మూడో అంతస్తులో సర్వర్ దాకా ఎక్కించి,
దాని గుండెకాయలోంచి పోనిచ్చి,
మళ్లీ కిందకి దింపి పక్క పెట్టెలో పోయించేవాణ్ణి.
మూడడుగులు దాటడానికి మూడంతస్తులు.

ఆ రాత్రి చుట్టుగుంట దగ్గర
బండి మీంచి పడ్డ కుర్రాణ్ణి తెచ్చారు.
తల స్కాను తీశారు. బొమ్మ తెర మీదకి రాలేదు.
డాక్టర్ మెహరున్నీసా ఫోన్ చేసి
కోప్పడకుండానే అడిగింది:
"నెత్తురెక్కడుందో చూడాలి బాబూ, ఎంతసేపు?"
నా మోతంతా సర్వర్ మెడ మీద పెట్టి
నేను టీకి పోయాను, అదీ సంగతి.
నాలుగు నిమిషాలు.
కుర్రాడు బతికాడు.
గ్లాసులో టీ మీద మీగడ కట్టింది,
తాగలేకపోయాను.

మిర్చియార్డులో మా దేవసహాయం బాబాయి
ముప్పయ్యేళ్లు టిక్కీలు మోశాడు.
వాళ్ల గుమాస్తా పిచ్చేశ్వర్రావుకి ఓ పట్టింపు:
ఏ టిక్కీ అయినా ఆయన కొట్టు గుమ్మం తొక్కాల్సిందే.
నల్లపాడు రోడ్డులో ఒక కోల్డు స్టోరేజీ నుంచి
ఎదురుగా ఉన్న కోల్డు స్టోరేజీకి మార్చాలన్నా
లారీ యార్డుకొచ్చి, దింపి, ఎక్కించి, మళ్లీ వెనక్కి.
"నా కళ్లముందు పోకపోతే పోయినట్టా?" అనేవాడు.
గుమ్మం ముందు గుట్టలు పడి
కాటా కోసం వచ్చిన రైతు
రోడ్డు మీదే నిలబడి తుమ్మేవాడు.

ఓ ఏడు ఆయన కాలు విరిగింది.
మంచం మీద పడుకుని చీటీలు రాశాడు:
లాటు నంబరు ఇంత, టిక్కీలు ఇన్ని,
ఇక్కణ్ణించి అక్కడికి. కింద సంతకం.
చీటీ పోయింది. సరుకు రోడ్డు దాటింది.
కొట్టు గుమ్మం ఖాళీ.
రైతు లోపలికొచ్చి కుర్చీలో కూచుని
మంచినీళ్లడిగాడు.

ఇప్పుడు మా సర్వర్ కూడా చీటీయే రాస్తుంది.
ఫలానా అర, ఫలానా నంబరు నుంచి ఇన్ని,
ఎదుటి పెట్టెలో ఫలానా చోటుకి.
అంతే, తన పనిలో తను పడిపోతుంది.
కింద రెండు పెట్టెలూ
ఒక్క తీగ మీద మాట్లాడుకుంటాయి.
పచ్చ దీపాలు మినుకుమినుకుమంటుంటే
ఒక ముసలమ్మ మోకాలు మూడడుగులు నడిచి వెళ్లింది.

సరుకు దానంతటదే రోడ్డు దాటిందన్నట్టు చెప్పాను కదూ.
కాదు. దాటించింది బాబాయి భుజం.
మోత ఎక్కడికీ పోలేదు,
చుట్టుతిరుగుడొక్కటే తప్పింది.
దింపుడు కూలీ ఎక్కుడు కూలీ ఒకమాటే వచ్చి
ఆ ఏడు ఇంట్లో రెండుపూటలా గోంగూరే.
గుమాస్తా కాలు త్వరగా అతుక్కోవాలని
బాబాయి చర్చిలో కొవ్వొత్తి పెట్టాడట.
తొమ్మిది రాత్రుల పని నాకిప్పుడు రెండింటికి దిగింది.
ఏజెన్సీ వాడు రాత్రి లెక్కన ఇస్తాడు.
ఆ కొవ్వొత్తి ఇప్పుడర్థమవుతోంది.

నాలుగున్నరకి సర్వర్ అడిగింది, చేరిందా అని.
కొత్త పెట్టె చేరిందంది.
నేను నమ్మలేదు. బాబాయి ఐదేసి గీతలు గీసి
టిక్కీలు లెక్కపెట్టినట్టు
ఇటు మొత్తం, అటు మొత్తం సరిచూశాను.
ఒకటి తేడా వచ్చింది.
మళ్లీ చూశాను. తేడా నా కళ్లది.

పైన ఎవరిదో స్కాను అడగ్గానే తెరుచుకుని ఉంటుంది.
ఫోన్ మోగలేదు.
మఫ్లరు బాబాయిది,
ఎన్ని ఉతుకులు పడ్డా ఘాటు వదల్లేదు.
లిఫ్టులో తుమ్మొచ్చింది.